కార్మికుల ఆరోగ్య సదస్సు: ఏ అతిథి వక్త ఎంతవరకు పనికొస్తారు?

మార్చి 4 జాతీయ భద్రతా దినం నుంచి ఏప్రిల్ 28 ప్రపంచ పని భద్రతా దినం మీదుగా మే డే దాకా పారిశ్రామికవాడల్లో సదస్సుల సీజను. కొన్ని యూనియన్లు పెడతాయి, కొన్ని యాజమాన్యాలు పెడతాయి, మధ్యలో ఆస్పత్రులు స్పాన్సర్ చేస్తాయి. ఫ్లెక్సీ మీద అరడజను మంది అతిథుల ఫొటోలు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, మెమెంటోలు అయ్యేసరికి ముప్పావుగంట హరీ. ఇది ఏదో ఒక సభ మీద రాసిన సమీక్ష కాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి సభలకు మళ్లీ మళ్లీ పిలిచే అతిథులు ఏ ఏ రకాలు, ఎవరి మాట ఎంతవరకు అక్కరకొస్తుంది, ఎక్కడ బెడిసికొడుతుంది అన్నదే ఇక్కడ చూస్తున్నాం. మార్కులు ఐదుకు.

కొలబద్ద ఒక్కటే. హాలు బయటికొచ్చిన కార్మికుడికి ఏ ఆఫీసుకు, ఏ కాగితంతో, ఏ గడువులోపు వెళ్లాలో తెలిసిందా లేదా? తెలియకపోతే వక్త ఎంత పెద్దవాడైనా, చప్పట్లు ఎన్ని పడినా అది ఊకదంపుడే.

ఈఎస్‌ఐ (కార్మిక రాజ్య బీమా) బ్రాంచి మేనేజరు: నాలుగున్నర

పోస్టరు మీద ఈయన ఫొటో చిన్నది. మైకు కూడా చివర్లో, జనం భోజనాలకు లేచే వేళకు అందుతుంది. నిజానికి మొదట మాట్లాడించాల్సింది ఈయన్నే. నెలకు 18,000 జీతమున్న మనిషి జీతంలోంచి 0.75 శాతం, అంటే 135 రూపాయలు కోస్తారు. యజమాని 3.25 శాతం, అంటే 585 కడతాడు. 2019 జులై నుంచి ఇదే లెక్క. నెలనెలా జీతం చీటీలో ఆ 135 కనిపిస్తూనే ఉంటుంది కానీ దానికి బదులుగా ఏమొస్తుందని హాల్లో అడిగితే 'మందులు' అన్న మాట తప్ప మరోటి వినిపించదు.

మంచి బ్రాంచి మేనేజరు బోర్డు మీద నాలుగు గీతలు గీసి రెండు కాలాలు రాస్తాడు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టిన చందాకు మరుసటి జనవరి నుంచి జూన్ దాకా ప్రయోజనం. అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టినదానికి జులై నుంచి డిసెంబరు దాకా. ఆ ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా పడి ఉంటేనే జబ్బు సెలవుకు డబ్బు. రోజు సగటు వేతనంలో 70 శాతం, ఏడాదిలో 91 రోజుల వరకు. 18,000 జీతగాడికి రోజుకు 600 లెక్కన సుమారు 420 రూపాయలు. కాంట్రాక్టు మారినప్పుడల్లా నెలా రెండు నెలలు ఖాళీగా ఉండేవాళ్లకు ఈ 78 దగ్గరే దెబ్బ పడుతుంది. పని చేసిన రోజులు చాలినా, కాంట్రాక్టరు చలానాలో తక్కువ రోజులు చూపిస్తే అంతే సంగతులు. ఈ మాట వేదిక మీంచి చెప్పే అధికారి దొరికితే వదలొద్దు.

చెప్పకుండా దాటేసే చిన్న విషయాలు ఇంకా ఉన్నాయి. జబ్బు సెలవులో మొదటి రెండు రోజులకు డబ్బు రాదు. అంతకుముందు సెలవు ముగిసిన 15 రోజుల్లోపే మళ్లీ జబ్బు పడితే మాత్రం ఆ కోత ఉండదు. టీబీ, క్యాన్సర్ లాంటి 34 దీర్ఘకాలిక జబ్బులకు 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా వస్తుంది కానీ దానికి రెండేళ్ల సర్వీసు, నాలుగు చందా కాలాల్లో కలిపి 156 రోజుల చందా ఉండాలి. ప్రసూతికి 26 వారాల పూర్తి వేతనం. అంతకుముందు రెండు చందా కాలాల్లో కలిపి 70 రోజులు చాలు. పనిలో ప్రమాదం జరిగితే ఈ రోజుల లెక్కే లేదు: చేరిన మొదటిరోజు చెయ్యి నలిగినా 90 శాతం, కోలుకునేదాకా. ప్రమాదం జరిగిన రోజు కాక కనీసం మూడు రోజులు పనికి పోలేని స్థితి ఉండాలి, అంతే. ఇంటి నుంచి డ్యూటీకి వస్తూ పోతూ దారిలో జరిగిన ప్రమాదం కూడా 2010 సవరణ తర్వాత ఇందులోకే వస్తుంది. బైకు మీద నైట్ షిఫ్టుకు పోయేవాళ్లతో నిండిన హాల్లో ఈ ఒక్క ముక్క చెప్పినా ఆయన్ని పిలిచిన ఖర్చు గిట్టుబాటయినట్టే.

ఈ వక్తలు ఎక్కువగా తడబడేది 21,000 పరిమితి దగ్గర. 'జీతం ఇరవయ్యొక్క వేలు దాటితే కార్డు పోతుంది' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. చందా కాలం మధ్యలో జీతం దాటితే ఆ కాలం ముగిసేదాకా చందా కడుతూనే ఉండాలి, కార్డూ ఉంటుంది. మే నెలలో ఇంక్రిమెంటు వచ్చినవాడు సెప్టెంబరు దాకా సభ్యుడే. ఆ కాలానికి కట్టిన చందాకు ప్రయోజన కాలం తర్వాత వస్తుంది కూడా. ఇది తెలియక హెచ్‌ఆర్ వాళ్లు జూన్‌లోనే కోత ఆపేయడం, తర్వాత ఆపరేషను పడితే గొడవ. వక్తకు ముందే ఫోన్ చేసి, 'ఈ ఒక్కటి ఉదాహరణతో చెప్పండి సార్' అని అడగండి.

అర మార్కు ఎందుకు తగ్గించామంటే, ఈయన సగం ప్రశ్నలకు జవాబు చెప్పలేడు. అది ఆయన తప్పు కాదు. డబ్బు ప్రయోజనాలు కేంద్ర ఈఎస్‌ఐ కార్పొరేషన్ బ్రాంచి ఆఫీసు పని. డిస్పెన్సరీలు, చాలా ఆస్పత్రులు నడిపేది రాష్ట్ర ప్రభుత్వ బీమా వైద్య సేవల శాఖ. ఖర్చులో ఎనిమిదింట ఏడు వంతులు కార్పొరేషనుది, ఒక వంతు రాష్ట్రానిది. హాల్లో లేచే ప్రశ్నల్లో ఎక్కువ భాగం మాత్రం 'షుగరు మాత్రలు లేవంటున్నారు', 'రిఫరల్ లెటర్ ఇవ్వడం లేదు' అనేవే. వాటిని బ్రాంచి మేనేజరును అడిగితే 'అది మా పరిధి కాదు' అంటాడు, హాలు గోలెత్తిపోతుంది. అందుకే ఆ ఏరియా డిస్పెన్సరీ మెడికల్ ఆఫీసరును కూడా పక్క కుర్చీలో కూర్చోబెట్టాలి. హైదరాబాద్ వాళ్లయితే ఇంకో తిరకాసు గుర్తుంచుకోవాలి: సనత్‌నగర్ మెడికల్ కాలేజీ ఆస్పత్రి నేరుగా కార్పొరేషనుదే, వీధిలోని డిస్పెన్సరీ రాష్ట్రానిది. ఫిర్యాదు ఏ గడపకు పోవాలో దాన్నిబట్టే ఉంటుంది.

ప్రభుత్వ అధికారులు నోటిమాటతో రారు. పై అధికారి పేరున లెటర్‌హెడ్ మీద ఉత్తరం, కనీసం రెండు మూడు వారాల ముందు. ఉత్తరంలోనే అంశాలు రాసేస్తే మంచిది. లేకపోతే 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీల్లో పథకం ఎలా మొదలైందో పావుగంట వినాల్సి వస్తుంది.

కార్పొరేట్ ఆస్పత్రి స్పెషలిస్టు: ఒకటిన్నర

అందరికంటే పెద్ద ఫొటో ఈయనది. స్లైడ్లు మెరుస్తుంటాయి, స్టెంటు బొమ్మ తిరుగుతుంటుంది, ఉప్పు తగ్గించండి, రోజూ నడవండి, ఒత్తిడి తగ్గించుకోండి. పన్నెండు గంటలు నిలబడి పనిచేసేవాడికి నడవమని చెప్పడం కాస్త ఎబ్బెట్టుగానే ఉంటుంది. చివర్లో ఉచిత క్యాంపు కూపన్లు. అడిగిన దానికి జవాబు చెప్పే ఓపిక ఉన్న కార్డియాలజిస్టులు లేకపోలేదు. కాకపోతే కార్మికుడి జబ్బుకూ అతని పనికీ ఉన్న లంకె గురించి మాట్లాడటానికి వీళ్లకు శిక్షణ లేదు. 'మీరేం పని చేస్తారు, ఎన్నేళ్లుగా?' అన్న ప్రశ్న ఓపీ చీటీ మీదే ఉండదు. స్పాన్సర్‌షిప్ తీసుకున్నందుకు పిలవక తప్పకపోతే పది నిమిషాలిచ్చి సరిపెట్టండి.

ఆ స్థానంలో పిలవాల్సింది పారిశ్రామిక ఆరోగ్యంలో ఫెలోషిప్ చేసిన ఫ్యాక్టరీ వైద్యుణ్ణి. ఫ్యాక్టరీ డాక్టర్లు ఏఎఫ్‌ఐహెచ్ అంటారు, మూడు నెలల కోర్సు. విజిటింగ్ కార్డు మీద ఎంబీబీఎస్ పక్కన ఆ అక్షరాలున్నాయేమో చూడండి.

ఫ్యాక్టరీ వైద్యుడు, ఊపిరితిత్తుల డాక్టరు: నాలుగు

మంచివాళ్లు దొరికితే అందరికంటే ముందుండాల్సిన రకం. దొరకడమే కష్టం. వీళ్లలో మేలైనవాళ్లు ఉపన్యాసం చెప్పరు, ఊపిరితిత్తుల సత్తా కొలిచే స్పైరోమీటరు బల్ల మీద పెట్టి ఒకర్ని పిలిచి ఊదిస్తారు. హాలంతా చూస్తుండగా ఒక్క పరీక్ష సవ్యంగా చేసి చూపితే, తమ కంపెనీలో ఏటా జరిగేది పరీక్షో మొక్కుబడో కార్మికులకు వెంటనే అర్థమవుతుంది.

సవ్యంగా అంటే ఇలా. మనిషి నిటారుగా కూర్చోవాలి. ముక్కుకు క్లిప్పు. గుండెల నిండా గాలి పీల్చాక గొట్టం చుట్టూ పెదాలు బిగించి, ఒక్కసారిగా బలంగా ఊది, కనీసం ఆరు సెకన్లు ఆపకుండా వదలాలి. మొదటి సెకనులో దగ్గు వస్తే ఆ ప్రయత్నం చెల్లదు. పెదాల పక్కనుంచి గాలి పోయినా, మధ్యలో ఆగినా అంతే. ఇలా మూడు మంచి ఊదుళ్లు కావాలి, వాటిలో మెరుగైన రెండూ 150 మిల్లీలీటర్ల తేడాలోపు ఉండాలి. మొదటి సెకనులో బయటికొచ్చిన గాలి మొత్తంలో 70 శాతం కంటే తక్కువైతే గొట్టాల్లో అడ్డంకి ఉందని అనుమానించాలి. మొత్తం గాలే తగ్గితే ఊపిరితిత్తి గట్టిపడుతోందేమో చూడాలి. సిలికా దుమ్ములో పనిచేసేవాళ్లలో భయపడాల్సింది దాన్ని గురించి.

ఒక్కో మనిషికి కనీసం పది నిమిషాలు పడుతుంది. అంటే ఒక మెషీనుతో గంటకు ఆరుగురు. రెండు గంటల క్యాంపులో రెండు వందల మందికి స్పైరోమెట్రీ చేశామని రిపోర్టు ఇస్తే అందులో కాగితాలే తప్ప పరీక్షలు లేనట్టే. ఈ లెక్క వేదిక మీంచి చెప్పమని డాక్టరును ముందే అడగండి. యాజమాన్యం పక్కన కూర్చున్నప్పుడు చెప్పగలిగే డాక్టరుకు ఇంకో అర మార్కు.

క్రషర్లు, క్వారీలు, ఫౌండ్రీలు, గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ల వాళ్లు వింటున్న సభలో ఒక అంకె తప్పకుండా చెప్పించాలి. పాత ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలు ప్రకారం ఊపిరితిత్తుల్లోకి చేరేంత సన్నటి దుమ్ము పరిమితి తేల్చడానికి 10ని, ఆ దుమ్ములోని క్వార్ట్జ్ (సిలికా) శాతానికి 2 కలిపిన మొత్తంతో భాగించాలి. క్వార్ట్జ్ 20 శాతం ఉంటే 10 బై 22, అంటే ఘనపు మీటరు గాలిలో సుమారు 0.45 మిల్లీగ్రాములు. 'దుమ్ము తగ్గించండి' అనే వక్త వేరు, 'మీ గాలి కొలిచిన రిపోర్టులో ఈ అంకె ఎంతుందో అడగండి' అనే వక్త వేరు. కంటికి కనపడే దుమ్ము కంటే కనపడని దుమ్ము ప్రమాదం అన్న సంగతి కూడా అప్పుడే తలకెక్కుతుంది.

సిలికా దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్‌ను టీబీ అనుకుని ఏళ్లకేళ్లు మందులు మింగించడం ఇక్కడ పాత జబ్బే. ఛాతీ ఎక్స్‌రేను అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రామాణిక ఫిల్ములతో పక్కపక్కన పెట్టి చదవాలి. 0/- నుంచి మొదలయ్యే ఆ మెట్లలో జబ్బును 1/0 దగ్గరే పట్టుకోవాలి. అంతకంటే ముఖ్యంగా, సిలికోసిస్ ఉన్నవాడికి టీబీ కూడా రావచ్చు, రెండూ కలిసి ఉండొచ్చు. 'కఫం పరీక్షలో లేదు కాబట్టి ఏమీ లేదు' అనీ, 'టీబీ ఉంది కాబట్టి సిలికోసిస్ కాదు' అనీ తేల్చే వక్తల్ని ప్రశ్నల సమయంలో వదలకూడదు. ఈఎస్‌ఐ కార్డు ఉన్నవాళ్లకు సిలికోసిస్ వృత్తిరోగాల జాబితాలో ఉంది; పని ప్రమాదంతో సమానంగా చూస్తారు, ఆ 91 రోజుల జబ్బు సెలవు లెక్కలోకి తొయ్యకూడదు. డాక్టరు, బ్రాంచి మేనేజరు ఒకే వేదిక మీద ఉంటే ఈ ముడి అక్కడికక్కడే విప్పించొచ్చు. సభ పెట్టిన లాభం అదే.

మాస్కుల కంపెనీ ప్రతినిధి: రెండు

ఉచితంగా వస్తాడు, బ్యాగు నిండా శాంపిళ్లు తెస్తాడు. మాస్కు ముఖానికి అతుక్కుందో లేదో చూసుకోవడం వీళ్లు చక్కగా నేర్పుతారు: రెండు చేతులతో కప్పి బలంగా గాలి వదలాలి, అంచుల్లోంచి కళ్లలోకి కొడితే ముక్కు దగ్గర తీగ మళ్లీ వంచాలి. గడ్డం ఉంటే ఏ మాస్కూ సరిగా అతకదన్నది మొహమాటం లేకుండా చెబుతారు. ఆ పావుగంట వరకు వీళ్లు అవసరమే. ఆపైన అమ్మకం మొదలవుతుంది.

ఫార్మా, కెమికల్ యూనిట్ల సభలో ప్రమాదం ఏమిటంటే ఎన్95 ఒక్కటే సర్వరోగ నివారిణిలా చెప్పేస్తారు. ఎన్95 దుమ్మును ఆపుతుంది. టోల్యూన్, అసిటోన్ లాంటి ద్రావకాల ఆవిరిని ఆపదు. దానికి బొగ్గు కార్ట్రిడ్జ్ కావాలి. మన దగ్గర ఎక్కువగా వాడే యూరోపియన్ రంగుల ప్రకారం ఆర్గానిక్ ఆవిరికి గోధుమ రంగు, యాసిడ్ వాయువులకు పసుపు, అమోనియాకు ఆకుపచ్చ, దుమ్ముకు తెలుపు. అమెరికన్ రకం వస్తే రంగులు మారిపోతాయి, అక్కడ ఆర్గానిక్ ఆవిరికి నలుపు. స్టోర్లో రెండు రకాలూ కలిసిపోతే ఏమవుతుందో ప్రతినిధి చేతనే చెప్పించండి.

2020 మే 7న విశాఖ ఆర్‌ఆర్ వెంకటాపురంలో స్టైరీన్ లీకయ్యాక చాలా సభల్లో రసాయనాల భద్రతా పత్రం గురించి మాట్లాడటం మొదలైంది. మంచిదే. 16 భాగాలున్న ఆ పత్రాన్ని మొత్తం చదివించే వక్త వద్దు. రెండో భాగం ప్రమాదాలు, నాలుగోది ప్రథమ చికిత్స, ఆరోది ఒలికిపోతే ఏం చేయాలి, ఎనిమిదోది ఏ తొడుగు వేసుకోవాలి. ఈ నాలుగూ చూపిస్తే చాలు. కంపెనీలో వాడే ఏదైనా ఒక రసాయనం పత్రాన్ని జిరాక్సు తీసి కుర్చీల మీద పెట్టి, అందరి చేతా వేలు పెట్టి చూపించాలి. ఇంగ్లీషులో ఉందని వెనక్కు తగ్గేవాళ్లుంటారు కాబట్టి ఆ నాలుగు భాగాల వరకు తెలుగు చేసి పెట్టుకోవడం నిర్వాహకుల పని.

లాయరు: మూడు, జాగ్రత్తగా ఎంచుకుంటే నాలుగు

2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకొచ్చాయి. ఇప్పటికీ ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ నంబర్లు గడగడా అప్పజెప్పే లాయర్లున్నారు. పాత నిబంధనల్లో కొన్ని మార్పు కాలంలో కొనసాగుతాయి కాబట్టి ఆ మాట పూర్తిగా తప్పు కాదు, కానీ ఏది పాతది ఏది కొత్తది అని విడమరచకపోతే వినేవాడు కన్సిలియేషన్ (రాజీ చర్చల) అధికారి ముందు నిలబడినప్పుడు తెల్లమొహం వేస్తాడు. పిలిచే ముందు ఫోన్లో ఒక్క ప్రశ్న అడగండి: '40 దాటినవాళ్లకు ఏడాదికోసారి ఉచిత వైద్య పరీక్ష ఏ చట్టం కింద అండీ?' కొత్త భద్రతా కోడ్ అని వెంటనే చెబితే పిలవొచ్చు.

వేతనం నిర్వచనం మీద కూడా ఆయన చేత మాట్లాడించాలి. బేసిక్, డీఏ తక్కువ చూపించి అలవెన్సులు పెంచే చీటీలు మనకు అలవాటు. కోడ్ ప్రకారం మినహాయించే అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగం వేతనంలోనే కలుస్తుంది. చీటీ ఒకటి ప్రొజెక్టర్ మీద వేసి, ఏ గడి దాటిందో చూపించే లాయరైతే హాలు నిద్రపోదు.

నష్టపరిహారం దగ్గర చాలామంది దారుణంగా తప్పు చెబుతారు. ఉద్యోగుల పరిహార సూత్రం ప్రకారం మరణానికి నెల జీతంలో 50 శాతాన్ని వయసు గుణకంతో హెచ్చించాలి. లెక్కకు తీసుకునే జీతం 2020 జనవరి నుంచి గరిష్ఠంగా 15,000. ముప్పై ఏళ్లవాడికి గుణకం 207.98. అంటే 7,500 ఇంటూ 207.98, మొత్తం 15,59,850 రూపాయలు. ఈ అంకె చెప్పగానే హాలంతా రాసుకుంటుంది. చెప్పకుండా వదిలేసేది ఏమిటంటే, ఈఎస్‌ఐలో ఉన్నవాడికి ఈ దారి మూసుకుపోతుంది. అతని కుటుంబానికి వచ్చేది ఈఎస్‌ఐ నుంచి వేతనంలో 90 శాతం నెలవారీ పింఛను. ఏకమొత్తం వస్తుందని ఆశపెట్టి పంపితే ఆ ఇంటివాళ్లు ఏడాదిపాటు తప్పు గడపలు తొక్కుతారు. ఎక్స్‌గ్రేషియా వేరే సంగతి, అది చట్టం ఇచ్చేది కాదు, బేరం చేసి తెచ్చుకునేది.

1995లో సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో ఇచ్చిన తీర్పును చెప్పే లాయరుకు చప్పట్లు కొట్టండి. కార్మికుడి ఆరోగ్య రికార్డును చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం దాచాలంది. రిటైరైన పదేళ్లకు దగ్గు మొదలైనవాడికి ఆ పాత ఎక్స్‌రే ఒక్కటే సాక్ష్యం.

ఆస్పత్రి సిబ్బంది సభలకు వేరే వక్తలు

నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, వార్డు బాయ్‌లు, పారిశుధ్య సిబ్బంది కూర్చునే సభకు సూపరింటెండెంటును పిలుస్తారు. ఆయన సేవాభావం గురించి మాట్లాడతాడు. రెండు మార్కులు, అదీ హాజరైనందుకు. పిలవాల్సింది ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సును. పోస్టరు మీద పేరు కూడా వెయ్యరు కానీ సూది గుచ్చుకుంటే ఏం చేయాలో వరసగా చెప్పగలిగేది ఆమే.

ఆమె చెప్పాల్సిన వరస: సబ్బు, పారే నీళ్లతో కడగాలి. పిండకూడదు, బ్లీచింగూ స్పిరిటూ పొయ్యకూడదు. వెంటనే రిజిస్టరులో రాయించాలి. రేపు వృత్తి వల్ల వచ్చిందని రుజువు చేసేది ఆ ఎంట్రీయే. పేషెంటు ఎవరో తెలిస్తే అతని రక్తానికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు, తనకూ అదే రోజు ఒక మొదటి పరీక్ష. హెచ్‌ఐవీ నివారణ మందులు అవసరమైతే రెండు గంటల్లోపు మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటితే లాభం లేదు, మొత్తం 28 రోజుల కోర్సు. సభల్లో అందరూ హెచ్‌ఐవీ గురించే భయపెడతారు. ఒక్క గుచ్చుతో హెచ్‌ఐవీ వచ్చే అవకాశం సుమారు 0.3 శాతం, హెపటైటిస్ బీ అయితే టీకా లేని మనిషికి పేషెంటును బట్టి 6 నుంచి 30 శాతం. భయం ఎక్కడ పెట్టుకోవాలో అంకెలే చెబుతున్నాయి. హెపటైటిస్ బీ టీకా మూడు డోసులు, 0, 1, 6 నెలలకు. చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ పరీక్షలో కనీసం 10 (mIU/mL) ఉండాలి. కాంట్రాక్టు పారిశుధ్య సిబ్బందికి మొదటి డోసు వేయించి ఏజెన్సీ మారగానే మిగతా రెండూ గాలికొదిలేయడం మామూలే. 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనలు ఈ టీకానీ, ఏటా వైద్య పరీక్షనీ వ్యర్థాలు తాకే ప్రతి ఒక్కరికీ ఇవ్వాలంటున్నాయి. రెగ్యులరా కాంట్రాక్టా అని చూడవు. సూదులు వేసే తెల్ల డబ్బా ముప్పావు నిండగానే మూయాలి, అంచుదాకా కుక్కితే గుచ్చుకునేది ఎత్తేవాడికే. ఆమెకు నాలుగున్నర.

ప్రైవేటు నర్సుల జీతాల మీద మాట్లాడే వక్తలు 2016 కమిటీ సిఫారసుల్ని సుప్రీంకోర్టు తీర్పుగా చెప్పేస్తుంటారు. 200 పడకలు దాటిన ఆస్పత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానంగా, 50 పడకల లోపుంటే కనీసం 20,000 ఇవ్వాలన్నది సుప్రీంకోర్టు చెప్పడంతో కేంద్రం వేసిన కమిటీ సిఫారసు. రాష్ట్రం చట్టమో ఉత్తర్వో తెస్తే తప్ప యాజమాన్యాన్ని నేరుగా నిలదీయడానికి పనికిరాదు. నినాదానికి బాగుంటుంది, నోటీసుకు చాలదు.

బాధితుడే వక్తగా వస్తే

దీనికి మార్కులు వేయడం లేదు. ఆక్సిజన్ గొట్టంతో వచ్చిన కార్మికుణ్ణి వేదిక ఎక్కించి, కెమెరాలు పెట్టి కన్నీళ్లు పెట్టించి పంపే సభలు ఆపేయాలి. మాట్లాడించాలనుకుంటే కూర్చోబెట్టి ఒకరు ప్రశ్నలు అడగాలి: ఏ మెషీను, ఎన్నేళ్లు, మొదటి లక్షణం ఏమిటి, ఎన్ని ఆస్పత్రులు తిరిగితే తెలిసింది, డబ్బు ఎక్కడ ఆగింది. పది నిమిషాలు మించొద్దు, అతనికి ఊపిరి చాలదు. ఫొటో వెయ్యాలా వద్దా అన్నది రాతపూర్వకంగా అడగాలి. ఇప్పటికీ పనిలో ఉన్నవాడైతే పేరు వద్దు. రానుపోను ఖర్చు, ఆ రోజు కూలి చేతికిచ్చి పంపాలి. డాక్టరుకు కవరు ఇచ్చి ఇతనికి శాలువా కప్పి పంపడం ఏ న్యాయం?

నిర్వాహకులకు

రోజుకు నలుగురు వక్తలు చాలు. ఒక్కొక్కరికి 25 నిమిషాల మాట, 20 నిమిషాల ప్రశ్నలు. సభ టైము ఏదైనా ఒక షిఫ్టు ముగిసిన రెండు గంటల తర్వాత పెట్టండి. పొద్దున పదికి పెడితే వచ్చేది యూనియన్ ఆఫీసు బేరర్లే. ఒడిశా, బీహార్ కార్మికులు సగం ఉన్న యూనిట్లలో హిందీ, ఒడియా చెప్పగల మనిషిని వక్త పక్కనే నిలబెట్టాలి, వెనక బెంచీలో కాదు.

ప్రశ్నలు చీటీల మీద రాయించండి, పేరు లేకుండా. సూపర్‌వైజర్లు, కాంట్రాక్టర్ల మనుషులు హాల్లోనే ఉంటారు. మైకు అందుకుని 'మా దగ్గర మాస్కులు ఇవ్వడం లేదు' అనే ధైర్యం ఎవరికుంటుంది? రాయడం రానివాళ్ల కోసం తలుపు దగ్గర ఒకర్ని కూర్చోబెట్టాలి. చీటీల్ని వక్తకు భోజనం ముందే ఇచ్చేస్తే మధ్యాహ్నం జవాబులు ఒక వరసలో వస్తాయి.

భోజనాలయ్యాక ప్రసంగాలు వద్దు, టేబుళ్లు వేయండి. ఒకటి ఈఎస్‌ఐది, ఒకటి లాయరుది, ఒకటి డాక్టరుది. కార్మికులు జీతం చీటీ, ఆధార్, ఈఎస్‌ఐ నంబరు తెచ్చుకోవాలని పాంప్లెట్‌లోనే అచ్చు వేయండి. ఈఎస్‌ఐ టేబుల్ దగ్గర పోర్టల్ తెరిచి ఎన్ని రోజుల చందా పడిందో, ఆధార్‌లో పేరూ కార్డులో పేరూ కలిశాయో లేదో, భార్యాపిల్లల పేర్లు ఎక్కాయో లేదో చూస్తే చాలు, రోజంతా చెప్పిన ప్రసంగాల పని అక్కడ తేలిపోతుంది. ఒక ల్యాప్‌టాప్, ఒక ప్రింటరు, రెండు పొడుగాటి ఎక్స్‌టెన్షన్ బోర్డులు ముందురోజే పెట్టించుకోండి. ఫంక్షన్ హాళ్లలో ప్లగ్గులన్నీ స్టేజీ వెనకాలే ఉంటాయి.